తన వరసకు తనే చదివింపు

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క పాటకు వరస కడుతుంటే నేను కళ్లారా చూశాను. అందుకే ఈమధ్య టీవీలో వచ్చే ఆ సీరియల్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందులో ఒక నాటకాల కంపెనీ, దాన్ని నడిపే మొగుడూ పెండ్లాలు. వరసలన్నీ ఆయన కడతాడట, ఆమె పాడుతుందట. జనం చప్పట్లు కొడితే ఆమె తెర పక్కన నిలబడి ఆయన్ని చూసి కన్నీళ్లు పెట్టుకుంటుంది. మా కోడలు కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. ఆ వరస నిజంగా ఎవరు కట్టారో ముందు కనుక్కోండే, తర్వాత ఏడుద్దురుగాని అంటాను నేను.

అప్పుడు మాది కర్నూలు జిల్లా. తెలుగువాళ్లకు కొత్త రాష్ట్రం వచ్చిన రోజులు. మార్కాపురం పక్కనున్న మా ఊళ్లో బడిపిల్లల రాతిపలకలు చేసే కొట్టం ఒకటి ఉండేది. గరుకు రాతి బిళ్లల మీద నీళ్లు చల్లి, ఇసుక వేసి నున్నగా రుద్దడం ఆడవాళ్ల పని. మా అమ్మ, పక్కింటి అక్క ఒకే వరుసలో కూర్చుని రుద్దేవాళ్లు. చేయి ముందుకూ వెనక్కూ పోతుంటే అక్క గొంతులో ఏదో ఒక కూనిరాగం నడిచేది.

ఊరి నాటకానికి హార్మోని వాయించే మాస్టరు రోజూ ఆ కొట్టానికి వచ్చేవాడు. కాగితం మీద పద్యం రాసుకొచ్చి ఆమెకు చదివి వినిపించేవాడు. ఆమె రుద్దుతూనే రెండు మూడు రకాలుగా పాడి చూసి, ఒకటి నిలబెట్టేది. ఆయన ఇంటికి పరుగెత్తి దాన్ని హార్మోని పెట్టె మీద పట్టుకునేవాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ ఏడు కోతలయ్యాక పెండ్లి అని ఆయనే మాట ఇచ్చాడు. ఆమెను నాటకంలోకి మాత్రం రానివ్వలేదు. ఊరి ఆడపిల్ల ముఖానికి రంగు పూసుకుంటే పరువు పోతుందట. ఆమె వరసలు వేదికెక్కితే పోని పరువు!

కొత్త రాష్ట్రం వచ్చిందని పెద్దలు గొప్పగా నాటకం ఆడించాలనుకున్నారు. తాసిల్దారు వస్తాడు, మాస్టరుకు శాలువా కప్పుతాడు అని చెప్పుకున్నారు. అంతకుముందు మీసాలు గొరిగించుకుని చీర కట్టే మగవాడే రాణి వేషం వేసేవాడు. ఈసారి కోస్తా నుంచి ఒకామెను పిలిపించారు. ఆమెకు పద్యాలు నేర్పమని మాస్టరు అక్కనే అడిగాడు. అక్క ఏమీ దాచుకోలేదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అన్నీ చెప్పింది.

ఒకనాడు ఆ కోస్తా ఆమె కొట్టంలో కూర్చుని ఎంతో మర్యాదగా అన్నది. "మాస్టారి వరసలు మీకు ఎంత బాగా వంటబట్టాయండీ! పలకలు రుద్దేవాళ్లకు కూడా ఇంత నేర్పారంటే ఆయన దొడ్డ మనిషండీ."

అక్క చేయి ఆగిపోయింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆమెకు ఆయన అలా చెప్పుకున్నాడు మరి.

ఆ సాయంత్రం మా గడప ముందరే అక్క ఆయన్ని నిలదీసింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు కొరకాలనిపిస్తుంది.

"మన ఇద్దరి నడుమ నీది నాది ఏంది పిచ్చిదానా? రేపు పెండ్లయితే అంతా ఒకటే కదా."

"అట్లయితే నాదని చెప్పు," అన్నది అక్క. "అంతా ఒకటే కదా."

ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

మా వైపు నాటకం నడుమ చదివింపులు ఉండేవి. పద్యం నచ్చినవాళ్లు గుడ్డో గింజో ఇచ్చి, ఎవరు ఎందుకు ఇస్తున్నారో చెబుతారు. ఆ మాటను వేదిక మీద ఉన్నదున్నట్టు అరిచి చెప్పాలి, ఒక్క ముక్క మార్చకూడదు. మా ఊళ్లో ఆ పని మా తాతయ్యది. గొర్రెలను అదిలించీ అదిలించీ ఆయన గొంతు గుట్ట అవతలికి వినిపించేది.

తాసిల్దారు కోసం ఆ రోజు దీపాలు పెట్టే వేళకే నాటకం మొదలుపెట్టారు. కోస్తా ఆమె మొదటి పద్యం అందుకోగానే జనం ఊగిపోయారు. మాస్టరు తల ఎగరేసి పెట్టె వాయిస్తున్నాడు. అప్పుడు అక్క ఆడవాళ్ల నడుమ నుంచి లేచి, కొత్త రవికెగుడ్డ తాతయ్య చేతిలో పెట్టి, చెప్పవలసింది చెప్పింది. పక్కనున్న పెద్దమనిషి విని, ఆ మాట మింగెయ్ అని తాతయ్య చేయి గిల్లాడు.

"చదివింపు నా సొమ్మా, మింగేదానికి?" అని తాతయ్య వేదికెక్కాడు.

"పలకలు రుద్దే మన ఊరి ఆడబిడ్డ, ఈ పద్యానికి తాను కట్టిన వరసను చక్కగా పాడినందుకు ఈ తల్లికి రవికెగుడ్డ చదివిస్తా ఉండాది!"

హార్మోని ఆగిపోయింది. మగవాళ్ల వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. కోస్తా ఆమె మాస్టరు వైపు చూసింది, ఆయన తల వంచుకున్నాడు. ఆమెకు అర్థమైంది. వంగి ఆ గుడ్డ అందుకుని, కళ్లకద్దుకుని నడుముకు దోపుకుంది.

అయినా శాలువా మాస్టరుకే కప్పారు. ముందే అనుకున్నది మార్చితే బాగుండదట. మరునాటి నుంచి ఊరు ఊరంతా అక్కనే తిట్టింది. మా అమ్మ కూడా, "తాళి పడేదాకా ఆగితే ఏం పోయింది దానికి?" అన్నది. మాస్టరు ఏదో కంపెనీ వెంట కోస్తాకు పోయాడు, మళ్లీ రాలేదు. ఆ వరసలు అక్కడ ఎవరి పేరున మోగాయో ఆ దేవుడికే తెలియాలి. అక్క మాత్రం కొట్టంలోనే ఉండిపోయింది. నేనెరిగినంతలో ఆ పని చేసినందుకు ఒక్కనాడు కూడా బాధపడలేదు. ఆమె పోయినప్పుడైనా ఆ వరసలు ఆమెవని నలుగురిలో ఒక్కరూ అనలేదు.

ఆ నాటకం రోజు తాతయ్య పక్కన కూర్చున్న నాకు సంగీతం ఏమీ అబ్బలేదు, అక్షరాలు అంతకంటే అబ్బలేదు. అబ్బింది ఒక్కటే. మా ఆయన పోయినప్పుడు, పెద్దకర్మ నాడు చుట్టాలంతా ఉండగా మా మరిది లేచి, మా అన్న ఒక్కడే రెక్కలు ముక్కలు చేసుకుని రాళ్లదిబ్బను చేనుగా మార్చినాడని చెప్పాడు. నేను మూలన కూర్చుని ఉన్నాను. అప్పుడే గాజులు తీశారు.

"ఆయన బండి తోలినాడు, రాళ్లు ఏరింది నేను. ఇద్దరి మాటా చెప్పు," అన్నాను.

మొగుడి దినాల నాడు కూడా దీని నోరు మూతపడదు అన్నారు. అంటే అనుకోనీ. మా ఆయన మంచివాడు. బతికున్నన్నాళ్లూ ఎవరడిగినా, రాళ్లు మా ఆడమనిషి ఏరింది అని తనే చెప్పేవాడు. చెప్పే మనిషి పోయాడు, అందుకే నేను చెప్పాను.