గెనిమ మీద చెంచలాకు కట్టలు

దెయ్యాల మాట వస్తే మా ఊళ్లో ఆడవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గిస్తారు. నేను వాదనకు దిగుతానని వాళ్లకు తెలుసు. ఎవరికైనా గాలి సోకిందంటే ముందు జ్వరం చూడమంటాను. మా అత్తగారు కన్నుమూసిన గదిలోనే ఆ వారంలో మంచం వేసుకుని పడుకున్నాను. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నాకే వింతగా ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఒక్క ముక్క కలపను.

మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. నల్లరేగడి నేల. కలుపు తీసే ఆడవాళ్ల గుంపు ఒకటుంది, దానికి నేను పెద్దను. రైతులతో ఫోన్లో మాట్లాడేది, ఆటో పిలిచేది, ఎవరు వస్తారో రారో కనుక్కునేది నేను. అందరితో పాటు తొలిక పట్టుకుని కలుపూ తీస్తాను.

ఆ ఏడు శనగ కోతలకూ పత్తి విత్తడానికీ మధ్య మా గుంపులో ముగ్గురు పోయారు.

మొదట నాగమ్మత్త. వయసు మీద పడి, నిద్రలోనే పోయింది. ఆమె బతుకులో రైలెక్కింది ఒక్కసారే, తిరుపతికి. ఆ ప్రయాణం కథ ప్రతి పైరుకూ మాకు చెప్పేది. చెప్పిన ప్రతిసారీ కొత్త సంగతి చేరేది. మొదట్లో రైల్లో ఒక ముసలాయన ఆమెకు కిటికీ దగ్గర చోటిచ్చాడు. కొన్నేళ్లకు ఆ ముసలాయన పోలీసు ఆఫీసరయ్యాడు. అబద్ధమని అందరికీ తెలుసు, ఎవరం అడ్డు చెప్పేవాళ్లం కాదు.

తర్వాత ఓబులమ్మ, కామెర్లతో. ఆమెకు నోరెక్కువ. మజ్జిగ పంపని రైతు చేనిలో తొలిక కింద పెట్టి గెనిమ మీద కూర్చునేది. చేని గట్టును మేం గెనిమ అంటాం. మజ్జిగ వచ్చాక ఆ రైతు నడకను అచ్చం అలాగే నడిచి చూపించేది. నవ్వలేక మాకు కడుపునొప్పి పుట్టేది.

చివరికి మాబున్నీ. గుండె నొప్పి అంటే ప్రొద్దుటూరు తీసుకుపోయారు. దారిలోనే అయిపోయింది.

మాబున్నీ మొగుడు ఖాసీం మామ పరుపులు కుట్టేవాడు. ప్రొద్దుటూరు, మైదుకూరు తిరిగి పని చేసుకొచ్చేవాడు. ఇంట్లో దూది ఏకుతారు కాబట్టి పొద్దున్నే మాబున్నీ ఆటో ఎక్కేసరికి ఆమె తలలో దూది పోగులు ఉండేవి. వాటిని తీసే పని మా గుంపులోని చౌడమ్మది. ఇద్దరూ ఒకే ఏడు కాపురానికి వచ్చారట. చేనిలో కూడా పక్కపక్క సాళ్లే.

ముగ్గురూ పోయాక ఊళ్లో మాట పుట్టింది, మా గుంపుకు ఏదో తగిలిందని. ఒక రైతు భార్య పిలిచి కూడా మళ్లీ వద్దని కబురు పంపింది. మాలో ఇద్దరు పని మానేశారు. మిగిలినవాళ్లం చేనికి పోయేవాళ్లమే కానీ నోరు విప్పి మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆ ముగ్గురి పేర్లు ఎత్తితే నాలుగోది ఎవరో అన్న భయం. నాకు భయం లేదు, కానీ గుంపు చెదిరిపోతుందన్న దిగులు పట్టుకుంది. ఆ కూలి మీదే మా ఇళ్లు నడిచేది.

అప్పుడే రాజేశ్వరి వచ్చింది. పులివెందుల వైపు పిల్ల. మొగుడికి మా దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని దొరికితే కాపురం మార్చుకున్నారు. వచ్చిన మొదటి రోజే తెలియక చౌడమ్మ పక్కన ఖాళీగా ఉన్న సాలులోకి దిగింది. చౌడమ్మ ఆ పిల్ల రెక్క పట్టుకుని పక్కకు లాగేసింది.

"ఆడ కాదు మే! ఆ చివరికి పో."

ఎందుకో చెప్పలేదు. మేమూ చెప్పలేదు. ఆ రోజు నుంచి రాజేశ్వరి చివరి సాలులో ఒక్కతే పని చేసుకునేది. సద్ది కూడా కొంచెం ఎడంగా కూర్చుని తినేది. ఆ పిల్ల మొదట దిగిన సాలు మాబున్నీ చోటు. ఏ చేనికి పోయినా చౌడమ్మ పక్కన ఒక సాలు వదిలేసేవాళ్లం. సాయంత్రం ఇంటికి పోయేముందు నలుగురం కలిసి అందులో కలుపు తీసేవాళ్లం.

ఆ రోజు పత్తి చేనిలో ఉన్నాం. ముందురోజు వాన పడింది. రేగడి బురద కాళ్లకు అంటుకుని చెప్పుల్లాగా కట్టుకుంటోంది. మధ్యాహ్నం బోరు దగ్గర కాళ్లు కడుక్కుని, మోటారు గది పక్కన వేపచెట్టు నీడలో సద్దులు విప్పాం. మేం ఎనిమిది మందిమి.

రాజేశ్వరి ఉన్నట్టుండి నన్ను అడిగింది. "రవణమ్మక్కా, ఆ సాలు ఎందుకు ఇడిసిపెడతాండారు? నేను ఏమన్నా తప్పు చేసింటే చెప్పు."

నేను చౌడమ్మ వైపు చూశాను. ఆమె చేతిలోని ముద్దను గిన్నెలో పెట్టేసింది.

"నువ్వేం తప్పు చేయలేదు లే," అంది. "అది మాబున్నీది."

"ఆమె ఎవరు?"

ఇన్నాళ్లు మాతో పని చేసిన పిల్లకు ఆ పేరు కూడా తెలియదు. మాకందరికీ సిగ్గేసింది.

చౌడమ్మ మొదలుపెట్టింది. "మాబున్నీ అంటే… ఒక్కపొద్దు ఉండి గూడా కలుపు తీసేది మే. రంజాన్ నెలంతా. ఆమె తినకుంటే మేం ఎట్ల తినేది అని మేం మూట విప్పకుంటే కసిరేది. మీ ఆకలి గూడా నేనే మోయాల్నా, తినండి అనేది."

ఇంకొకామె అందుకుంది. "కూర సంగతి చెప్పు."

ఆ కూర సంగతి మాబున్నీకే చెల్లింది. మేం సద్ది తిని నడుం వాల్చేలోపు ఆమె లేచి చేనిలోకి పోయేది. కలుపులో మొలిచిన చెంచలాకు, దొగ్గలాకు ఏరి, కట్టలు కట్టి గెనిమ మీద వరసగా పెట్టేది. మనిషికో కట్ట. ఆమెది ఎడమచేతి వాటం. గడ్డిపోచతో ఒక ముడి వేసేది, అది ఎవరికీ విప్పడం వచ్చేది కాదు. మేం ఇంటికి పోయి కత్తిపీటతో కోసుకునేవాళ్లం.

మాబున్నీ నుంచి మాట ఓబులమ్మ మీదికి పోయింది, ఓబులమ్మ నుంచి నాగమ్మత్త రైలు మీదికి పోయింది. "పోలీసు ఆఫీసరు టీ గూడా ఇప్పిచ్చినాడంట," అని ఎవరో అంటే చౌడమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. రాజేశ్వరి ఎప్పుడు దగ్గరకు జరిగిందో చూడలేదు, మా మధ్యలో కూర్చుని ఉంది. అన్ని నెలల్లో మేం అంత గట్టిగా నవ్వింది ఆ రోజే.

తర్వాత కొందరు నడుం వాల్చారు. నేను పడుకోలేదు. సాయంత్రం ఆటో సంగతి ఫోన్లో మాట్లాడుతున్నాను, చేను వైపు తిరిగే కూర్చున్నాను. రాజేశ్వరి నా పక్కనే గిన్నెలు సర్దుతోంది. చెట్టు కింది నుంచి ఎవరూ లేచి పోలేదు. రెప్ప పడకుండా చేనినే చూస్తూ కూర్చున్నానని మాత్రం అనను.

లేచి ముందు పోయింది చౌడమ్మ. కాసేపటికి అక్కడి నుంచి కేక వేసింది.

"రవణమ్మా! ఈడికి రా మే! అందరూ రాండి!"

పాము అనుకుని పరుగెత్తాం. చౌడమ్మ గెనిమ మీద నిలబడి కిందికి చూస్తోంది. వదిలేసిన సాలు మొదట్లో, గెనిమ మీద, చెంచలాకు కట్టలు వరసగా ఉన్నాయి. వేళ్లకు తడి మట్టి ఇంకా ఉంది.

"ఎవరు పెట్టినారు? ఎగతాళా ఇది?" అంది చౌడమ్మ.

నేను అందరి కాళ్లూ చూశాను. మేం కాళ్లు కడుక్కున్నాక చేనిలోకి ఎవరైనా దిగి ఉంటే ఆ బురద వదలదు. అప్పుడే దిగిన చౌడమ్మ కాళ్లకు తప్ప ఎవరికీ మట్టి లేదు. చుట్టుపక్కల చేలలోనూ మనుషులు లేరు. సాలులోకి వంగి చూశాను. ఆకు పీకిన గుంతలున్నాయి, అడుగులు లేవు. పక్క సాలులో, మా పొద్దుటి అడుగుల్లోనే నిలబడి వంగి పీకవచ్చు. అదీ ఆలోచించాను. కానీ ఆ నిలబడింది ఎవరు?

ఒక కట్ట తీసి చూశాను. గడ్డిపోచ ముడి ఎడమవైపుకు తిరిగి ఉంది. నేను అలాగే కట్టాలని అక్కడే ప్రయత్నించాను, నా చేతికి రాలేదు.

"ముట్టుకోవద్దు మే, పారేయ్!" అని ఒకామె వెనక్కి జరిగింది. ఇద్దరు ఇంటికి పోతామని మూటలు తీసుకున్నారు. ఇక గుంపు అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు రాజేశ్వరి కట్టలను ఒక్కొక్కటిగా వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఎనిమిది ఉండాయి," అంది నెమ్మదిగా. "నాకు గూడా ఉండాదా అక్కా?"

ఆ పిల్ల వచ్చేనాటికి మాబున్నీ లేదు. ఆమె ఉన్నప్పుడు మా గుంపు పది మందికి తగ్గింది లేదు.

చౌడమ్మ వంగి ఒక కట్ట తీసి, మట్టి దులిపి, రాజేశ్వరి చేతిలో పెట్టింది. "ఉండాది. తీసుకో," అంది. తనొకటి తీసుకుంది. మూటలు పట్టుకున్నవాళ్లు కూడా వచ్చి తీసుకున్నారు.

సాయంత్రం ఆటో దిగి నేను నేరుగా ఖాసీం మామ ఇంటికి పోయాను. భార్య పోయినప్పటి నుంచి ఆయన పనికి పోవడం లేదు, గడప దగ్గర కూర్చుని ఉంటాడు. ఏమీ చెప్పకుండా నా కట్ట ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెనక్కీ ముందుకూ తిప్పాడు. ముడి కింద ఎక్కడో ఒక కొసను గోటితో పట్టి లాగాడు. అది ఒక్కసారిగా విడిపోయింది.

"యాడిది?" అన్నాడు.

చెప్పాను. ఆయన ఆశ్చర్యపోతాడనో, ఏడుస్తాడనో అనుకున్నాను. ఆయన ఆకంతా జాగ్రత్తగా మళ్లీ నా కొంగులో పోశాడు.

"ఇది నాకెందుకమ్మా? నీకు కట్టింది గదా, నువ్వే వండుకో." నేను లేవబోతుంటే అడిగాడు, "చౌడమ్మ తీసుకున్న్యాదా?"

"తీసుకుంది మామా."

"సరే," అన్నాడు. అంతే.

మర్నాడు చౌడమ్మ తన పక్క సాలు చూపించి రాజేశ్వరిని దిగమంది. మానేసిన ఇద్దరిలో ఒకామె మళ్లీ వచ్చింది. సద్ది దగ్గర ఇప్పుడు ఆ ముగ్గురి కబుర్లు లేకుండా ముద్ద దిగదు మాకు.

ఆ తర్వాత నేను ఒక్కొక్కరినీ విడిగా పట్టుకుని అడిగాను. ఎగతాళికి చేసినా, మంచికి చేసినా ఒప్పుకోమన్నాను, ఏమీ అననన్నాను. చౌడమ్మను మరీ మరీ అడిగాను. ఆమె నా తల మీద చేయి పెట్టి తెలియదంది. చేను రైతును కూడా అడిగాను, ఆ రోజు ఆయన ఊళ్లోనే లేడట. అందరూ పొరబడ్డామా అంటే, ఆకు కళ్ల ముందుంది.

కట్టలు దొరికిన రోజు రాత్రే ఆ చెంచలాకుతో పప్పు వండాను. ఆకు లేతగా ఉంది. సంగటితో అందరం తిన్నాం. మా ఆయన ఇంకొంచెం వేయించుకుని, "ఎవరు ఏరిపెట్టినారు ఇంత మంచి ఆకు?" అని అడిగాడు.

"మా గుంపులో ఆమె," అన్నాను.

ఇంకేం చెప్పాలో ఆ రోజు నాకు తెలియలేదు. ఈ రోజు అడిగినా అదే చెబుతాను.