సత్యవతిగారి సిగ్నల్

నా భార్య పోయాక వరంగల్ దాటి చేసిన మొదటి ప్రయాణం అది. కడియంలో ఒక నర్సరీలో మొక్కల మధ్య తిరిగే చిన్న రైలు ఉంది. లివరు లాగితే సిగ్నల్ రెక్క కిందికి వాలుతుంది, అప్పుడే రైలు కదలాలి. ఆ నర్సరీలోనే పనిచేసే సత్యవతిగారికి లివరు దగ్గర అదే మొదటి రోజు. లివరుకీ రెక్కకీ మధ్య ఉన్న ఇనప తీగ ఎండకు సాగి, రెక్క సగమే వాలింది. రైలు నిండా పిల్లలు. నడిపేది ఆమె భర్త.

"ఉన్నది ఒక్క రైలే కదా, పోనివ్వండి" అన్నాను ఆయనతో.

"సగం పడితే పడనట్టేనండి. మా ఆవిడ సరిగ్గా దించితేనే కదుల్తాను. ఇంట్లోనూ అంతేనండి."

"వేళాకోళం చాల్లెండి! ఇది పడకపోతే రేపట్నుంచి మళ్ళీ నన్ను మట్టి మొయ్యమంటారు" అందామె.

నేను సాయానికి వెళితే వద్దంది. తీగ బిగించి, కాలు తన్నిపెట్టి, ఒంటి బరువంతా వేసి వెనక్కి లాగింది. రెక్క పూర్తిగా వాలింది. పిల్లలు కేకలేశారు.

"చూస్తారేంటండీ, ఎక్కండి! నా సిగ్నల్ పడ్డాక రైలు ఆగకూడదు."

ఎక్కబోతుంటే ఆమె భర్త నా వెనక్కి చూశాడు. "ఒక్కరేనా అండి?"

"ఒక్కణ్ణేనండి" అన్నాను. ఆ మాట తడబడకుండా అనగలిగాను. పిల్లలు జరిగి చోటిచ్చారు. రైలు కదిలింది.