మా బావ మసక అన్న ఫోటోలు

మా బావ మునికృష్ణకు ఎదురు చెప్పే మొనగాడు వేలూరు దగ్గరి మా గుడియాత్తంలో పుట్టలేదు. నేనొక్కణ్ణే చెప్పేవాణ్ణి, అదీ ఆయన కట్టుకున్నది మా అక్క అంబుజాన్ని కాబట్టి. పెళ్లి ఫోటోలు ఎవడైనా తీస్తాడు. పరిగెత్తే ఎద్దును తియ్యాలంటే మాత్రం పేర్ణాంబట్టు దాకా మా బావనే పిలిచేవాళ్లు.

మా వైపు పొంగల్ దాటినప్పటి నుంచి శివరాత్రి వచ్చే మాసి నెల దాకా ఊరికొక రోజు ఎద్దుల పండగ జరుగుతుంది. సందుకు రెండు పక్కలా వెదుర్లు కట్టి, ఒక్కొక్క ఎద్దునే విడుస్తారు. రెప్ప వేసేలోగా అది దాటిపోతుంది. బావ ముందుగానే సందులో సున్నంతో అడ్డగీత గీయించి, ఆ గీత మీద ఫోకస్ పెట్టుకుని కూర్చునేవాడు. గిట్టలు గీత తొక్కే క్షణానికి బటన్ నొక్కాలి. అట్లా పడ్డ ఫోటో ఎద్దుల వాళ్ల ఇళ్లల్లో దేవుడి పటాల పక్కన ఉంటుంది.

తొంభై ఆరో సంవత్సరం పండగల్లో ఆ ఫోటోలు చెడిపోవడం మొదలైంది. ఒకటి కుదిరితే మిగతావన్నీ ఫోకస్ తప్పేవి. కెమెరా ముసలిదైపోయిందన్నాడు బావ. మద్రాసులో ఫారిన్ సరుకు వచ్చి పడుతున్న రోజులవి. తనంతట తానే ఫోకస్ చేసుకునే ఆటోఫోకస్ కెమెరా ఒకటి తెచ్చుకున్నాడు. బెంగళూరు సైటులో మేస్త్రి పని చేస్తున్న నాకు ఫోను చేసి మరీ, "ఇంక గీత అక్కర్లేదురా, ఎద్దు వెనకాలే అదే ఉరుకుతాది!" అని మురిసిపోయాడు.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. దానికి పరీక్ష పెట్టడానికి విరించిపురం దగ్గర పాలారు ఇసకలోంచి లేచే కొంగల్ని తీశాడు. జోలార్పేట ప్లాట్‌ఫారం చివర నిలబడి ఎదురొచ్చే రైళ్లు తీశాడు. వీధి కుక్కలకు బిస్కెట్టు చూపించి, ఉరికించి తీశాడు. వేలూరు కలర్ ల్యాబులో ప్రింట్లు వేయించి చూస్తే అన్నీ మసక. కదిలేదాన్ని పట్టే తెలివి ఈ మిషనుకు లేదని తీర్పు చెప్పేశాడు. ల్యాబు శంకరన్ "ఆమాణ్ణా, కొంచెం మసకే" అన్నాడు. మా అక్కా అవుననే అంది. టీ అంగట్లో వాళ్లంతా గంగిరెద్దుల్లా తలలూపారు. ఊళ్లో ఫోటో మంచిచెడ్డలు చెప్పేవాడే మసక అన్నాక కాదనేదెవరు? కెమెరా మద్రాసుకు తిరిగిపోయింది. వేరేది వచ్చింది, అదీ మసకేనన్నాడు, అదీ పోయింది. చూస్తూండగానే మళ్లీ మాసి వచ్చింది.

నా ఎద్దును విడవడానికి నేనూ వచ్చాను. తారు మాదిరి నల్లగా ఉంటాడని వాణ్ణి కర్రోడు అంటాం. వాడి పరుగును బావ మూడో కెమెరాతో తీశాడు. ప్రింట్లు వచ్చిన మధ్యాహ్నం స్టూడియోలో వాటిని బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి చూసి, తల పట్టుకున్నాడు.

"ఇదీ అంతేరా చిన్నస్వామీ. నల్లెద్దును అసలు పట్టనే లేదు. కన్ను యాడుండాదో, కొమ్ము యాడుండాదో!"

నేను వంగి చూశాను. కర్రోడి కనురెప్పల వెంట్రుకలు కూడా తెలుస్తున్నాయి. మూతి నుంచి తెగిన నురగ గాల్లో కనిపిస్తోంది.

"ఏం బావా, తమాషా చేస్తా ఉండావా? అద్దం మాదిరి ఉండాది గదా!"

అక్క నా చెయ్యి గిల్లింది. "ఊరుకోప్పా. ఆయన మసకంటే మసకే."

"నీకు సిమెంటు కలపను తెలుస్తాది. ఫోటో సంగతి నీకేం తెలుసురా?" అని బావ అరిచాడు.

నాకు ఒళ్లు మండింది. చేతిలో ఉన్న తమిళ పేపరు ఆయన ముందు పెట్టాను. "నాకు తెలీదులే. ఈ పెద్దక్షరాలు చదువు, చూస్తాం."

బావ పేపరు తీసుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు. కరెంటు డిమ్ముగా ఉందని గొణిగాడు. నడి మధ్యాహ్నం, వాకిలి నిండా ఎండ. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వేలూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. చక్కెర జబ్బు కంటి లోపలి పొరను తినేసిందని, ఇంక అద్దాలతోగానీ ఆపరేషనుతోగానీ చూపు తిరిగి రాదని చెప్పింది. మసక మొదలైనప్పుడే వచ్చుంటే కొంత చూపన్నా నిలబెట్టేవాళ్లమంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం! ఒక్కడంటే ఒక్కడు "బాగానే ఉండాది గదన్నా" అని ఉంటే ఏం పోయేది? పెద్దాయన మాట కాదనకూడదట. ఆ మర్యాద మీద మన్నుబొయ్య, నిలువునా మనిషి కళ్లు తీసేసింది.

ఇప్పుడు ఊరంతా మాట మార్చింది. శంకరన్ వేలూరు నుంచి బస్సెక్కి వచ్చి, "సూపర్ ఫోటో అన్నా!" అన్నాడు. టీ అంగటి వాళ్లు వరసగా వచ్చి ఆహా అన్నారు. వాళ్లంతా వెళ్లాక బావ కర్రోడి ఫోటో అడిగి తీసుకుని, బొటనవేలితో నున్నటి కాగితాన్ని తడుముతూ కూర్చున్నాడు.

"ఎట్లుండాదిరా?"

"బాగుండాది బావా. నీ చేతిలో ఇంత మంచి ఫోటో ఎప్పుడూ పడలేదు."

"కన్ను తెలుస్తా ఉండాదా?"

"రెప్పలతో సహా తెలుస్తా ఉండాది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేను మసకంటే అందరూ మసకన్నారు. ఇప్పుడు నన్ను చూసి, పాపమని, బాగుండాదంటా ఉండారు. నేనేది నమ్మేదిరా?"

కర్రోడి మీద ఒట్టు వేశాను, నా పిల్లల మీద ఒట్టు వేశాను. బావ ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"మసకేలే" అన్నాడు.