బొగ్గు గీత పెట్టిన గుడ్లు

మా చిన్నప్పుడు... గుడ్లు అట్టల్లో వచ్చేవి కావు. తవుడు పోసిన గంపలో ఉండేవి. చెయ్యి పెట్టి తడిమితే ఒకటి తర్వాత ఒకటి చల్లగా తగిలేవి...

నిన్న దుకాణం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ డబ్బా తెరిస్తే, ఒక్కో గుడ్డు మీద ఎర్ర సిరాతో తారీఖు వేసి ఉంది. అది చూశాకే, ఎన్నాళ్ళుగానో అనుకుంటున్న ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను.

జూలూరుపాడు దాటాక అడవి అంచున మా ఊరు. మెడ మీద ఈకలు లేని పెట్ట ఒకటి అమ్మకు ఉండేది. చూడటానికి అంత బాగుండేది కాదు. గుడ్లు మాత్రం పెద్దవి పెట్టేది.

తమ్ముడికి జ్వరం తగ్గితే ఇంట్లో పుట్టిన పుంజును ఇస్తానని అమ్మ ముత్యాలమ్మకు మొక్కుకుంది. కొన్న కోడి పనికిరాదు. జ్వరం తగ్గింది... అమ్మ ఆ పెట్టను పొదుగుకు కూర్చోబెట్టింది. గంపలో వరిగడ్డి, గుడ్ల మధ్య ఒక ఇనుప మేకు, రెండు ఎండు మిరపకాయలు. ఉరుములకు గుడ్లు మురిగిపోకూడదని.

రెండు రోజులకే, తెల్లవారుజామున అడవి పిల్లి వచ్చి పెట్టను ఎత్తుకుపోయింది. ఈకలు మిగిలాయి. గుడ్లు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. అమ్మ వాటిని కొంగులో కట్టుకుని వాకిట్లో నిలబడింది.

పక్కింటి చాంద్‌బీ పెద్దమ్మ గోడ మీంచి చూసింది.

“ఏందే చెల్లె, గట్ల నిలవడ్డవ్? నా పెట్ట గూడ మొన్ననే కూసున్నది. జల్దీ తే, దాని కిందనే పెడదాం. సల్లవడితె ఖతమే.”

“నీ గుడ్లల్ల కలిస్తె ఎట్ల అక్కా? నాది మొక్కు కోడి.”

“బొగ్గుతోని గీతలు పెట్టు మరి.”

అమ్మ ఒక్కో గుడ్డుకూ శ్రద్ధగా గీత పెట్టింది. పిల్లలు ఆ గీతను పెంకు మీదే వదిలేసి బయటికొస్తాయని ఇద్దరికీ తట్టలేదు...

మూడు వారాలు నిండాయి. పిల్లలు లేచాయి. పెంకులన్నీ కోడి కాళ్ళ కింద నలిగిపోయాయి. అమ్మ ఒక్కో పిల్లను చేతిలోకి తీసుకుని చూస్తోంది. అన్నీ ఒక్క తీరే. చాంద్‌బీ పెద్దమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“అన్నీ నా కోడి పిల్లలే అంటె ఏం జేస్తవే?”

అమ్మ నవ్వలేదు. అప్పుడే రెక్క కిందనుంచి ఆఖరి పిల్ల తల బయటపెట్టింది. మెడ మీద నూగు లేదు.

“అగో చెల్లె, మీ పెట్ట మెడ!”

అమ్మ అక్కడే చేతులు జోడించింది.

ఇక ఆ పిల్ల పుంజు కావడం కోసం అందరం ఎదురుచూశాం. తమ్ముడు పొద్దున్నే దాని ముందు కూర్చుని కూసి చూపించేవాడు. అది వాడి వైపు చూసి నూకలు ఏరుకునేది.

ఒక మధ్యాహ్నం తవుడు గంపలోంచి ఒకటే అరుపు. వెళ్ళి చూస్తే... దాని కింద గుడ్డు.

“మీ అమ్మోరు గుడ్డే అడిగిందేమో చెల్లె!” అని చాంద్‌బీ పెద్దమ్మ గోడ అవతలనుంచి.

“నవ్వు నవ్వు. ఆ తల్లికేం తొందర లేదు. దీని పిల్లలల్ల పుంజు రాకపోతదా?”

ఆ మొదటి గుడ్డును మోదుగాకులో చుట్టి అమ్మవారి రాయి దగ్గర పెట్టి వచ్చాం. మరుసటి ఏడు, మెడ మీద ఈకలు లేని పుంజుతోనే మొక్కు తీరింది.

ఇప్పుడు మొక్కు కోడి కూడా గుడి దారిలోనే దొరుకుతుంది. కొనుక్కుని వెళ్ళి దండం పెట్టుకుంటాం. అదీ భక్తే, కాదనను.

మీ ఇంట్లో గుడ్లు ఎందులో దాచేవారు? తవుడులోనా, బియ్యంలోనా, బూడిదలోనా? గుర్తుంటే కింద రాయండి...

నా డబ్బా ఇంకా ఎదురుగానే ఉంది. ఎప్పుడు ప్యాక్ చేశారో ఉంది, ఎప్పటిలోగా తినాలో ఉంది... ఏ పెట్ట పెట్టిందో మాత్రం లేదు.