మామగారు నిలబడి ఉండగా

ఆ ఆదివారం ఉదయం నాకు రెండు భయాలు. మా ఆటగత్తె మామగారు మ్యాచ్ చూడ్డానికి రారేమోనన్నది ఒకటి. వస్తారేమోనన్నది రెండోది.

నేను జంషెడ్‌పూర్‌లో ఆడవాళ్ళ సిట్టింగ్ వాలీబాల్ జట్టుకి కోచ్‌ని. కోచ్ అన్నది కొంచెం పెద్ద మాట. సిద్ధగోరాలో ఒక బడిలో పీటీ టీచర్ని. వాలీబాల్ నెట్ కట్టడం వచ్చు కాబట్టి దాన్ని కాస్త కిందికి కట్టడం కూడా వస్తుందని పెద్దలు నమ్మారు. కాళ్ళు దెబ్బతిన్నవాళ్ళు నేలమీద కూర్చుని ఆడే ఆట ఇది. చేతుల మీద జరుగుతూ బంతి దగ్గరికి వెళ్ళాలి. నియమాలు చాలా ఉన్నాయిగానీ ప్రాణం తీసేది ఒక్కటే. బంతిని ఆడే క్షణంలో పిరుదులు నేలని వదలకూడదు. వదిలితే రిఫరీ విజిల్ వేస్తాడు, పాయింటు అవతలివాళ్ళకి పోతుంది. దాన్ని లిఫ్టింగ్ అంటారు.

మా పన్నెండుమందికీ కలిపి ఇళ్ళలో ఐదు భాషలున్నాయి. ఆ ఐదింటిలోనూ ఆ శరీరభాగాన్ని కోచ్ ఎదుట పేరుపెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. నాకూ లేదు. అందుకని దానికి 'బేస్' అని పేరు పెట్టుకున్నాం. నేను గీత బయట నిలబడి 'బేస్, బేస్' అని అరుస్తుంటే పక్క కోర్టులో బ్యాడ్మింటన్ ఆడే పెద్దమనుషులు అదేదో రహస్య వ్యూహం అనుకుని గౌరవంగా చూసేవారు. నేనేమీ దిద్దలేదు.

ఆ ఏడాది మా జట్టు ఒక విదేశీ కార్యక్రమంలోకి ఎంపికైంది. ఆటల్లోకి ఆడవాళ్ళనీ వికలాంగులనీ తీసుకురావాలన్నది దాని ఆశయం. అక్కడి కోచ్ ఒకామె పదిరోజులు మా దగ్గర ఉండి నేర్పిస్తుంది. తర్వాత ఇక్కడి కోచ్, ఒక క్రీడాకారిణి మూడు వారాలు వాళ్ళ దగ్గరికి వెళ్ళి నేర్చుకుంటారు. ఒక్క క్రీడాకారిణే. ఎవరన్నది ఆమే నిర్ణయిస్తుంది, పదోరోజు మ్యాచ్ చూశాక.

వచ్చినామె పొడుగ్గా, నిదానంగా ఉండేది. చిన్నప్పుడే ఒక కాలు పోయిందట. హాల్లోకి రాగానే కృత్రిమ కాలు తీసి గోడకి ఆనించి, గీత పక్కన నేలమీద కూర్చునేది. మొదటిరోజే ఎందుకో చెప్పింది. ఆటగాళ్ళు ఏ ఎత్తులో ఉంటే తనూ ఆ ఎత్తులోనే ఉంటుందట. మేమందరం చప్పట్లు కొట్టాం. ఆమె కోసం నేను బల్లగుడ్డ కప్పి ఉంచిన కుర్చీ మాత్రం పదిరోజులూ అలాగే మా వైపు చూస్తూ ఉండిపోయింది.

రెండోరోజుకే ఆమె చూపు మా తెలుగమ్మాయి మీద పడింది. అమ్మాయి అంటున్నానుగానీ ముప్పై రెండేళ్ళ మనిషి. బాగ్‌బేరాలో ఉంటుంది, ఇంట్లో జాకెట్లు కుడుతుంది. భర్త ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో కాంట్రాక్టు పని చేస్తాడు. నాలుగేళ్ళ క్రితం స్కూటరు మీద వస్తుంటే లారీ తగిలి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. నేలమీద ఆమె కదిలే తీరు చూస్తే మిగతావాళ్ళు బరువులు మోస్తున్నట్టూ, ఆమె ఒక్కతే నీళ్ళలో ఉన్నట్టూ ఉండేది. లిఫ్టింగ్ మాత్రం మొదట్లో విపరీతంగా చేసేది. ఆరు నెలలు పట్టింది మాన్పించడానికి. మాన్పించానని నాకు గర్వంగా కూడా ఉండేది.

ఎనిమిదోరోజున అనుమతి కోసం వాళ్ళింటికి వెళ్ళాను. అత్తగారు ఎప్పుడో పోయారు. భర్త 'మా బాబు ఎలా అంటే అలాగే' అని తండ్రి మీద పెట్టి తప్పుకున్నాడు. మామగారు ఉక్కు కంపెనీలో ఫిట్టరుగా చేసి రిటైరయిన మనిషి. నాకు టీ ఇప్పించి, నేను తెచ్చిన కాగితాలు ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టుకుని, నట్టు బిగువు చూసినట్టు చూశారు. చివరికి ఒకే మాటన్నారు.

"ఆట సూడకండా ఫైసలా ఎలా సెప్తానమ్మా? ఆదివారం వత్తాను. సూసి సెప్తాను."

ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. నేను ఉన్న గంటసేపూ కోడలు వంటింటి గుమ్మం దగ్గర చంకలో కర్రతో నిలబడే ఉంది. ఆయన కిటికీ దగ్గర నిలబడే ఉన్నారు, ఆయన నిలబడి ఉండగా ఆమె కూర్చోదు. ఒంటికాలి మీద గంటసేపు నిలబడ్డ మనిషిని చూసి, బ్యాలెన్స్ బాగుందనుకుంటూ ఇంటికి వచ్చాను. కోచ్ బుర్ర అలాగే ఏడుస్తుంది.

ఆదివారం వచ్చింది. పన్నెండుమందినీ రెండు జట్లుగా విడగొట్టాను. రిఫరీని పిలిచాను. కోడలు ట్రాక్ ప్యాంటు, టీషర్టుతో మామగారి కంటబడటం ఇదే మొదలు కాబట్టి నేను పొద్దుట్నించీ తలుపు వైపే చూస్తున్నాను. ఆమె ఒక్కసారి కూడా అటు చూడలేదు. బాగా ఆడుతోంది. ఐదు పాయింట్లు వరసగా తెచ్చింది. గీత పక్కన నేలమీద కూర్చున్న విదేశీ కోచ్ నోటుపుస్తకంలో ఏదో రాసుకుని, నా వైపు చూసి తల ఊపింది.

అప్పుడు ఆయన వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చంకలో గొడుగు. తలుపు దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, గోడ పక్కన నిలబడ్డారు. అవతలి సర్వీసు ఈమె మీదికే వస్తోంది. చేతులు చాపింది. ఆ చాపడంలోనే ఆమె కళ్ళు గోడ వైపు తిరిగాయి, నడుము నాలుగంగుళాలు పైకి లేచింది. విజిల్.

పొరపాటనుకున్నాను. మళ్ళీ సర్వీసు, మళ్ళీ లేచింది. మూడోసారి బంతి ఆమెకి రెండు గజాల దూరంలో పడాల్సింది, తనే జరిగి వెళ్ళి మరీ లేచి కొట్టింది. రిఫరీ చెయ్యి ఎత్తి, 'అరె మేడం, ఇన్‌కో క్యా హో గయా' అన్నాడు, ఈమెకేమైందని. విదేశీ కోచ్ ఇప్పుడు తల ఊపడం లేదు. పుస్తకంలో గీతలు పెడుతోంది.

నాకు 'బేస్' అని అరవాలని ఉంది. ఆయన ఎదుట నోరు రాలేదు. ఆ మాటకి అర్థం ఆయన అడిగితే ఏం చెప్పాలి?

పరుగున వెళ్ళి కుర్చీ జరిపాను. "కూర్చోండి బాబుగారూ," అన్నాను. పర్లేదన్నారు. ఆయన కూర్చుంటే చాలు, ఆమె నేలమీద ఉండిపోతుంది. అంత వరకు నా బుర్రకి అందింది. మూడుసార్లు బతిమాలాను. ఈలోగా ఇంకో రెండు విజిళ్ళు పడ్డాయి. నాలుగోసారి ఆయన నా వైపు వంగి, గొంతు తగ్గించి, నాకు తెలియని మర్యాద నేర్పుతున్నట్టుగా చెప్పారు.

"ఆవిడ దేశంగాని దేశం నించి మనింటికొచ్చిన సుట్టం. కింద కూకుంది. నాను కుర్సీలో కాలు మీద కాలేసుకు కూకుంతే బాగుంతాదేటి?"

"పోనీ మీరూ కింద కూర్చోండి," అన్నాను. తెగింపే.

"నా మోకాళ్ళకి కూకోడం ఒచ్చు. లేపడానికే క్రేన్ గావాల."

అప్పుడు నాకు మొత్తం బొమ్మ కనబడింది. సమానత్వం కోసం విదేశీ కోచ్ నేలమీద కూర్చుంది. ఆమె నేలమీద ఉంది కాబట్టి ఈయన నిలబడ్డారు. ఈయన నిలబడ్డారు కాబట్టి కోడలు లేస్తోంది. కోడలు లేస్తోంది కాబట్టి సమానత్వం కోసం వచ్చినామె ఆమె పేరు ఎదుట గీతలు పెడుతోంది. ముగ్గురూ మంచివాళ్ళే. ఎక్కడా ఒక్క చెడ్డవాడు లేకుండా ఒక మనిషి కొంప మునిగిపోతుంటే చూడటం నాకు అదే మొదలు.

వెళ్ళి విదేశీ కోచ్ పక్కన వంగాను. విషయం మూడు వాక్యాల్లో చెప్పాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది, కానీ నచ్చలేదు. ఆయన్ని కాసేపు బయట కూర్చోమనొచ్చు కదా అంది. ఆయన చూసి సరేనంటేగానీ ఈమె రావడం కుదరదని చెప్పాను. ముప్పై రెండేళ్ళ మనిషికి ఇంకొకరు సరేననడం ఏమిటి అని అడిగింది. చాలా మంచి ప్రశ్న అని ఒప్పుకున్నాను. స్కోరు పదిహేడు పన్నెండు, ఈమె జట్టే వెనకబడిందని కూడా చెప్పాను.

ఆమె పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"అంటే ఆమెని ఆటలో ఉంచాలంటే," అంది చివరికి, "నేను విడిగా, పైన కూర్చోవాలి."

"ఈ ఒక్క సెట్టుకి," అన్నాను.

ఆమె నవ్వలేదు. చెయ్యి చాపి గోడ దగ్గరున్న కాలు అందుకుంది. ఇక్కడ నేను ఊహించని సంగతి ఏమిటంటే కృత్రిమ కాలు చెప్పులా తొడుక్కునేది కాదు. ముందు మెత్తటి తొడుగు మెల్లగా పైకి చుట్టాలి, దాని మీద ఇంకోటి లాగాలి, తర్వాత కాలు అందులోకి దించి, బరువు వేసి చూసుకోవాలి. ఆమె ఒక్క మెట్టు కూడా తొందరపడలేదు. నేను పక్కన నిలబడి, తొడుగు ఒక చుట్టు ఎక్కినప్పుడల్లా కోర్టు వైపు చూస్తూ, బంతి మా తెలుగమ్మాయి వైపు వెళ్ళకూడదని కోరుకున్నాను. కోచ్ తన ఉత్తమ క్రీడాకారిణికి బంతి అందకూడదని మొక్కుకోవడం ఏ శిక్షణలోనూ చెప్పరు. అప్పటికీ రెండుసార్లు వెళ్ళింది. రెండు విజిళ్ళు.

చివరికి ఆమె లేచి, నడిచి వచ్చి, బల్లగుడ్డ కప్పిన కుర్చీలో కూర్చుంది. మామగారు ఆమె పూర్తిగా సర్దుకునేదాకా ఆగారు. ఆ తర్వాత ఒక కుర్చీ వదిలి, రెండో కుర్చీ అంచున కూర్చున్నారు, గొడుగు ఒళ్ళో పెట్టుకుని.

నేను కోర్టు వైపు చూశాను. కోడలి భుజాలు దిగాయి. అంతే జరిగింది. తర్వాతి బంతి నెట్ మీద తక్కువగా వచ్చింది. ఆమె పక్కకి ఒరిగి, చేతి మీద జారుకుంటూ వెళ్ళి, నేలకి అతుక్కునే కొట్టింది. అవతల ఇద్దరి మధ్య పడింది. ఆ తర్వాత ఆమె ఒక్కసారి కూడా లేవలేదు. సెట్టు ఆమె జట్టే ఓడింది, రెండు పాయింట్ల తేడాతో. నేను బాధపడ్డానని చెప్పలేను. గెలిచినవాళ్ళూ నా వాళ్ళే.

అయ్యాక విదేశీ కోచ్ నన్ను పక్కకి పిలిచి పుస్తకం చూపించింది. మా అమ్మాయి పేరు ఎదుట ఏడు గీతలున్నాయి. ఏడింటి కిందా అడ్డంగా ఒక గీత గీసి, 'కుర్చీకి ముందు' అని రాసింది. ఎంపిక చేసిన పేరు ఆమెదే. కాని ఫారం ఆ రోజు సాయంత్రం నాలుగులోపు వెళ్ళాలి. వెళ్ళకపోతే రెండో పేరు. ఇది చెప్పేసి ఆమె టీ తాగడానికి వెళ్ళింది. అప్పటికి ఒంటిగంటన్నర. మామగారు ఇంకా ఏమీ చెప్పలేదు.

ఆయన ముందుగా విదేశీ కోచ్ కృత్రిమ కాలు సంగతి ఎత్తారు. జాయింటు దగ్గర ఏం లోహం వాడారో, ఎన్నాళ్ళకోసారి బేరింగు మార్చాలో అడిగారు. నాకు తెలియదన్నాను. తెలుసుకోవాల్సిందన్నట్టు చూశారు. కోడలు దగ్గరికి వచ్చి కర్ర ఆనించుకుని నిలబడింది. టీషర్టు మీద చున్నీ కప్పుకుంది.

"టీచరమ్మా," అన్నారాయన, "మా కోడలు ఆడినప్పుడల్లా ఆ ఈలోడు సీటీ కొట్టీసేడు. ఏటి తప్పు సేసింది?"

అబద్ధం చెప్పొచ్చు. నా దగ్గర రెండు మూడు సిద్ధంగా కూడా ఉన్నాయి. కాని ఆయన ఫిట్టరు. ఎక్కడ లూజుందో చెప్పకపోతే ఊరుకోరు.

"నేల మీంచి లేవకూడదండి. మీరు నిలబడి ఉన్నారని లేచింది," అన్నాను.

ఆయన కోడలి వైపు చూడలేదు. గొడుగు పిడి వైపు చూశారు.

"అయితే పాయింట్లు నా మూలంగా పోయినాయి."

కాదనడానికి మర్యాద ఒప్పుకుంటుందిగానీ స్కోరు ఒప్పుకోదు. ఆయన గొడుగు పిడిని అటూ ఇటూ తిప్పి చూశారు. నేను గోడ గడియారం చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడ్డాను.

"ఆ దేశం నాను వెళ్ళను గదా?"

"వెళ్ళరండి."

"మరింకేటి. అక్కడ నేల మీంచి నేవదు."

అదే అనుమతి అని నాకు తెలియడానికి కొంత సమయం పట్టింది. తెలిశాక సంచీలోంచి ఫారం తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన అద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదివారు. తిప్పి వెనక చూశారు. మళ్ళీ ముందుకి తిప్పారు.

"ఇందల నా సంతకం ఎక్కడమ్మా?"

ఇదొక్కటి ఎనిమిదోరోజునే చెప్పి ఉండాల్సింది. ఆ ఫారంలో మామగారికి చోటు లేదు. భర్తకీ లేదు. వెళ్ళేమనిషి సంతకం ఒక్కటే చాలు. రెండు రోజులుగా నేను బతిమాలుకుంటున్న అనుమతి కాగితం మీద ఎక్కడా అక్కర్లేదు. ఇంట్లో మాత్రమే కావాలి. ఈ మాట ఇప్పుడు ఎలా చెప్పాలో తెలియక నేను దగ్గడం మొదలుపెట్టాను.

కోడలు ముందుకి వచ్చింది. నా చేతిలో పెన్ను తీసుకుని, కాగితం గోడకి ఆనించి, తన పేరు రాసింది. నిదానంగా, హిందీలోనూ ఇంగ్లీషులోనూ. ఆ తర్వాత కింద ఉన్న చిన్న గడి మీద వేలు పెట్టింది. మామగారి ఎదుట ఆమె గొంతు నేను విన్నది అప్పుడే.

"సాచ్చి సంతకం ఇక్కడ మావయ్యా. మీరెట్టండి."

ఆయన పెట్టారు. పేరు, కింద తెలుగులో 'రిటైర్డ్ ఫిట్టర్', దాని కింద తేదీ. గడి నిండిపోయి బయటికి కూడా కొంచెం వచ్చింది.

ఆ గడి కోచ్ సంతకానికి. పైన అక్షరాలు చిన్నవిగానీ స్పష్టంగానే ఉన్నాయి. ఆమెకి ఇంగ్లీషు చదవడం వచ్చని నాకు తెలుసు. ఆమె నా వైపు చూసింది. నేను ఫారం తీసుకుని, పక్కన మార్జిన్‌లో నా సంతకం నిలువుగా ఇరికించి, నాలుగుకి పది నిమిషాలుండగా పంపించాను. అలా పెడితే చెల్లుతుందా అని ఎవర్నీ అడగలేదు. చెల్లదంటారని భయం. వీసా చేతికి వచ్చేదాకా ఆ మార్జిన్ నా కళ్ళముందే తిరిగింది.