గాజులు తీసిన చేతులు

నిన్న పొద్దున తుంపర పడుతోంది. వారంగా దగ్గు వదలకపోయినా, టమాటా మొక్కలకు కర్రలు పాతి దారాలు కడుతున్నాను. అప్పుడే ఫోన్ వచ్చింది. బొమ్మసంద్ర దగ్గర ఆసుపత్రిలో పిల్లల వార్డు చూసుకున్న పెద్ద నర్సు సిస్టర్ రాత్రి పోయారు. పని ఆపి, నేనూ నా భార్యా బస్సెక్కాం.

మా అమ్మాయి మూడు నెలల బిడ్డగా ఊపిరాడక ఆ వార్డులో చేరింది. బతికింది. ఇప్పుడు బడికి పోతోంది.

సిస్టర్ చేతులకు గాజులుండేవి కావు. ఉంగరం, గడియారం కూడా ఉండేవి కావు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ముట్టేవారు. ఇంకో బిడ్డను ముట్టాలంటే మళ్లీ కడుక్కునేవారు. తల్లులకూ అదే నియమం. నా భార్య గాజులు తియ్యనంది. మా వైపు మొగుడు బతికుండగా చేతులు బోసిగా పెట్టుకోరు.

అదే రోజు మా అమ్మ ఊరినుంచి దగ్గుకుంటూ వచ్చింది. సిస్టర్ వార్డు తలుపు దగ్గరే ఆపారు. మా అమ్మ ఆమె చేతులు చూసి జాలిపడింది.

“అయ్యో, నీ మొగుడు పోయినాడా తల్లీ?”

“యాడికీ పోలేదవ్వా, ఇంట్లోనే ఉండాడు. గాజులు బ్యాగులో ఉండాయి. డ్యూటీ అయినంక వేసుకుంటా.”

“మరి ఆయనకేం కాలేదా?”

“ఇన్నేండ్లయింది, ఇంకా నాతో పోట్లాడతానే ఉండాడు. గాజుల కింద సబ్బు అంటదవ్వా. ఈ బిడ్డ రోగం ఆ బిడ్డకు మోసేది మన చేతులే.”

నా భార్య నవ్వింది. వార్డుకొచ్చాక అదే మొదటిసారి. గాజులు తీసి నా చేతికిచ్చింది.

మా అమ్మను మాత్రం లోపలికి రానివ్వలేదు. “దగ్గు తగ్గినాక రా. ఎత్తుకునేకి బిడ్డ ఉండాల గదా” అన్నారు. అమ్మ అద్దంలోంచి చూసి, తిట్టుకుంటూ ఊరికి పోయింది.

ఆ వార్డు నుంచి అందరు బిడ్డలూ ఇంటికి పోలేదు. అలాంటి రోజు ఆమె ఖాళీ మంచం తానే తుడిచి, చేతులు కడుక్కుని, పక్క బిడ్డ దగ్గరికి పోయేవారు. ఆ రోజు కుళాయి దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడేవారు.

హెబ్బగోడిలో వాళ్లింటికి చేరేసరికి ఎండ వచ్చింది. సిస్టర్‌ను హాల్లో పడుకోబెట్టారు. పక్క గదిలో పురిటికొచ్చిన కూతురు, పసిబిడ్డ ఉన్నారని విన్నాను. సిస్టర్ భర్త గేటు దాకా వచ్చారు.

“లోపలికి రాప్పా. ఒక తూరి ముఖం చూసిపో.”

“దగ్గుగా ఉంది సార్.”

ఆయన బయట కుర్చీ వేయించారు. నా భార్య కుళాయి దగ్గర చేతులు కడుక్కుని లోపలికి పోయింది. తిరిగొచ్చి నా పక్కన నిలబడింది.

“చేతుల నిండా పచ్చగాజులు వేసినారు” అంది.

పదకొండు దాటాక ఆమెను తీసుకుపోయారు. మేం మధ్యాహ్నం బస్సుకు బయల్దేరాం.