ఐరీన్‌కి కెప్టెన్ ఎవరు

వల్లీ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు గ్రీన్‌వుడ్ పార్క్ పేటలో ఎవరూ లేరు. గుళ్లో భజన జరుగుతుంటే మధ్యలో లేచి వెళ్లి గుమ్మం దగ్గర చెప్పులు సర్ది వచ్చేది. పెళ్లి భోజనాల్లో తన విస్తరి వదిలేసి పక్కవాళ్లకు పులుసు అందలేదని గిన్నె పట్టుకుని బయల్దేరేది. డర్బన్ బట్టల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు మిషను తొక్కిన కాళ్లు, ఊరికే ఉండమంటే ఉంటాయా? అలాంటి మనిషిని ఆ డిసెంబరు వేసవి ఎండల్లో ఆమె మొగుడు ఇరవై ఆరడుగుల తెరచాప పడవ ఎక్కించి, కదలకుండా కూర్చోమన్నాడు.

మొగుడి పేరు వాసీ. రేవులో ఓడలకు వెల్డింగు చేసి రిటైరైనవాడు. ఆ పడవను సగం కట్టి వదిలేసిన ఒక ముసలాయన దగ్గర కొన్నాడు, మిగతా సగం ఇంటి వెనక మామిడిచెట్టు కింద పన్నెండేళ్లపాటు కట్టాడు. ముందు భాగాన ముసలాయన తన భార్య పేరు ఐరీన్ అని అప్పటికే రాసుకున్నాడు. పడవ పేరు మారిస్తే అరిష్టమని ఎవరో చెప్పడంతో వాసీ దాన్ని అలాగే ఉంచాడు. ఇరుగుపొరుగుకి ఇంకేం కావాలి? వాసీ రెండో సంసారం ఎలా ఉందని వల్లీనే అడిగేవారు. "ఆ సవితికి సీరలన్నీ నేనే కుట్టాను," అనేది వల్లీ. అబద్ధం కాదు. తెరచాపలు రెండూ ఆమె భోజనాల బల్ల మీద మిషను పెట్టి కుట్టినవే.

పడవ కట్టడం మొదలుపెట్టిన రోజుల్లో డర్బన్ పడవల గట్టు తెల్లవాళ్లకే, వాళ్ల రంగు మనుషులకు అక్కడ తాడు కట్టుకునే చోటు లేదు. "మరి కట్టి ఎక్కడ పెడతావురా?" అని వాసీని చుట్టాలంతా ఏడిపించారు. తీరా పడవ పూర్తయ్యేసరికి కాలం మారింది, గట్టు మీద చోటు దొరికింది. మనిషన్నవాడు అప్పుడు ఎగిరి గంతెయ్యాలి కదా, వాసీకి మాత్రం భయం పట్టుకుంది. ఏప్రిల్లో ఓట్లు. దేశంలో రంగు తేడా లేకుండా అందరూ కలిసి వెయ్యబోయే మొదటి ఓట్లు. తర్వాత ఏమవుతుందో తెలియదని జనం డబ్బా చేపలు, కొవ్వొత్తులు కొని దాచుకుంటున్నారు. ఊళ్లో గొడవలొస్తే ఇల్లు చూసుకోవాలా, నీళ్లలో ఉన్నదాన్ని చూసుకోవాలా అని వాసీకి నిద్ర పట్టడం మానేసింది. చివరికి గట్టు దగ్గర రంగుల కొట్టు నడిపే డెరిక్‌కి, కొత్త సంవత్సరం రాగానే పడవ నీదే అని మాటిచ్చేశాడు.

ఆ సంగతి బయల్దేరే ముందురోజు చెప్పాడు. వల్లీ ప్రయాణానికి రొట్టెలు వత్తుతోంది. రిచర్డ్స్ బే రేవు దాకా వెళ్లి వద్దాం, అదే మొదటిదీ చివరిదీ అన్నాడు. ఆ రోజు రొట్టెలన్నీ అప్పడాల్లా వచ్చాయి. పన్నెండేళ్లు దీపం పట్టుకుని నిలబడింది తను, గరుకు కాగితంతో చెక్క రుద్ది చేతులు పాడుచేసుకుంది తను. ఇచ్చేసే ముందు ఒక్క మాట అడగాలని మాత్రం ఆయనకు తోచలేదు. ఈ ప్రయాణంలో ఒక్కసారైనా చుక్కాని పట్టి తీరాలని, వీలైతే ఈ పడవ చేయి దాటకుండా ఆపాలని వల్లీ ఆ పొయ్యి దగ్గరే నిశ్చయించుకుంది. ఎలాగో తెలియదు. అప్పట్నుంచి ఒంట్లో చీమలు పాకుతున్నట్టే ఉంది.

దక్షిణపు గాలి చూసుకుని ఉత్తరానికి వెళ్లారు. కుడి పక్క నీలం నీళ్లు, ఎడమ పక్క చెరకు తోటల కొండలు. వాసీ వెనక కూర్చుని చుక్కాని పట్టుకున్నాడు. వల్లీ లోపల కిరసనాయిలు పొయ్యి ముందు, జారిపోయే గిన్నెను ఒక చేత్తో పట్టుకుని పప్పు కలుపుతోంది. గంటకోసారి తల బయటపెట్టేది.

"ఇన్నారా, ఒక్కపాలి నాకివ్వండి."

"రేపిస్తానులే. కూకో."

ఆ రేపు రిచర్డ్స్ బే చేరినా రాలేదు. అక్కడ బొగ్గు ఓడల పక్కన లంగరు వేసుకుని కొన్నాళ్లున్నారు. చేపలు పట్టారు, పులుసు పెట్టుకున్నారు, కూతురు సరస్‌కి ఫోన్ చేసి బతికే ఉన్నామని చెప్పారు. మామూలుగా వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషే. తిట్లకూ దండాలకూ కూరలకూ మాత్రం తాతల నాటి తెలుగు. ఆ పడవ మీద రోజులు గడిచేకొద్దీ తెలుగు ఎక్కువైంది, అందులో దండాలు తక్కువ. ఒక సాయంత్రం మాత్రం వాసీ ఆమె చెయ్యి తీసుకుని వేళ్లకున్న సూది మచ్చలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. పడవ సంగతి అడగాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. ఆయన మొహం అంత ప్రశాంతంగా ఉండటం చూసి మింగేసింది, తర్వాత తనను తానే తిట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో గాలి ఈశాన్యం నుంచి వీపు మీద తోస్తోంది. సాయంత్రానికి దక్షిణపు గాలి తిరగబడుతుందని రేడియో చెప్పింది, ఈలోపు డర్బన్ చేరాలి. దూరంగా ఉమ్‌హ్లాంగా దీపస్తంభం కనబడేసరికి వల్లీ ఓపిక అయిపోయింది. అది దాటితే ఊరే. ఇంక రేపు లేదు. లోపలినుంచి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఇంక ఇవ్వండి."

"ఇక్కడ గాలి మంచిది కాదు. నీకు తెలీదు."

"నేర్పితే తెలుస్తది. డెరిక్‌కి ఇచ్చినోరు నాకివ్వలేరా? నన్నో మాట అడిగేరా మీరు?"

వాసీ మొహం ఎర్రబడింది. "నీ బాగు కోసమే కదా," అంటూ ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. ఆయనతోపాటు చుక్కాని కూడా తిరిగింది. గాలి వెనకనుంచి తోసేటప్పుడు చుక్కాని జానెడు తప్పితే చాలు, తెరచాప కిందుండే బూమ్ అనే అడ్డదూలం ఈ పక్కనుంచి ఆ పక్కకు విసురుగా వచ్చేస్తుంది. వచ్చింది. వాసీ భుజం మీద కొట్టింది. లోపల ఎముక విరిగిన చప్పుడు వల్లీకి వినబడింది. మనిషి పడవ అడుగున ఆమె కాళ్ల దగ్గర పడిపోయి, నొప్పికి వాంతి చేసుకున్నాడు. చుక్కాని పట్టుకున్నవాళ్లు లేరు.

వల్లీ పట్టుకుంది. చుక్కాని కర్ర ఎడమకు తోస్తే పడవ కుడికి పోతుందని ఇన్నాళ్లూ చూసిందే గానీ చేతులకు తెలియదు. మొదట తప్పు తోసింది. బూమ్ మళ్లీ కదిలింది, ఆమె తల వంచుకుంది, అది ఆగింది. భయంతో కర్రను పిడికిట్లో బిగించి లాగుతుంటే పడవ పాములా మెలికలు తిరిగింది. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన అమ్మాయిలకు తను చెప్పే మాట గుర్తొచ్చింది. బట్టను లాగకూడదు, మిషనే తీసుకుంటుంది, ఊరికే చెయ్యి ఆనించాలి. చెయ్యి వదులు చేసింది. పడవ కొంచెం కుదుటపడింది. ఆమె మాత్రం కుదుటపడలేదు. నోట్లో గంగమ్మ పేరూ మొగుడి మీద తిట్లూ ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి.

రేవు పక్కనున్న బ్లఫ్ కొండ వెనక దక్షిణాన ఆకాశం నల్లబడుతోంది. రేవులోకి పోవాలంటే ముందు రేడియోలో అడగాలి. వల్లీ రేడియో మైకు తీగ సాగదీసి పట్టుకుంది. ఐరీన్ అనే పడవ అని, మనిషికి దెబ్బ తగిలిందని ఇంగ్లీషులో చెప్పింది. అవతలి గొంతు నెమ్మదిగా అన్నీ అడిగింది. ఎంతమంది ఉన్నారు, ఎక్కడున్నారు. ఆ తర్వాత, "కెప్టెన్ పేరు చెప్పండి."

వల్లీ నోరు తెరిచింది. మూసుకుంది.

పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె మొగుడి పేరు పలకలేదు. ఎదురుగా ఉంటే ఇన్నారా, పదిమందిలో అయితే సరస్ నాన్న. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని చెరకు తోటల్లో పెరిగిన అమ్మమ్మ చెప్పింది. ఇంగ్లీషు చదివి, ఫ్యాక్టరీలో యూనియన్ జెండా పట్టుకుని తిరిగినా వల్లీ దాన్ని దాటలేదు. అందులోనూ ఇప్పుడు, ఎముక విరిగి కాళ్ల దగ్గర మూలుగుతున్న మనిషి ఆయుష్షులో కోత పెట్టడమా?

"కెప్టెన్ పేరు?" అని మళ్లీ అడిగారు.

"వల్లీ," అంది. ఇంకేం తోచక తన పేరే చెప్పింది.

"సరే, కెప్టెన్ వల్లీ. ఒక ఓడ బయటికి వస్తోంది. అది దాటేదాకా బయటే ఆగండి. రేవు ముఖంలో మా లాంచీ ఎదురొస్తుంది."

కింద వాసీ కళ్లు తెరిచి చూశాడు. విన్నాడు.

ఓడ దాటుతుండగా గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. దక్షిణపు గాలి వచ్చే ముందు అలాగే ఆగుతుంది. వల్లీ తెరచాపను పైకి పట్టి ఉంచే తాడు వదిలేసింది. తెరచాప మొత్తం కుప్పగా కిందికి జారి వాసీ మీద పడింది. లోపలినుంచి తిట్టు వినబడేసరికి మనిషి బాగానే ఉన్నాడనుకుంది. రేవుల్లో తిరగడానికి పెట్టుకున్న చిన్న ఇంజను తాడు లాగింది, లాగింది, చేతులు పడిపోయేదాకా లాగాక అది దగ్గి అంటుకుంది. లాంచీ వెనకే లోపలికి పోయింది. గట్టుకు నెమ్మదిగా ఆనించాల్సిన పడవను ధబ్బుమని గుద్దింది. పన్నెండేళ్ల రంగు బారెడు లేచిపోయింది.

గట్టు మీద డెరిక్ ఉన్నాడు. కొట్టులో రేవు రేడియో విని పరిగెత్తుకొచ్చాడు. తాళ్లు అందుకుని కట్టి, అంబులెన్సు వస్తోందని చెప్పాడు. పడవ పొడవునా ఒకసారి చూసి, గీసుకున్నది పెద్ద లెక్క కాదు ఆంటీ, నేను చూసుకుంటాలే అన్నాడు. మంచిగానే అన్నాడు. అది అప్పటికే తనదైనట్టు అన్నాడు.

వల్లీ కిందికి వంగి తెరచాప తొలగించింది. వాసీ మొహం సున్నంలా ఉంది.

"రేడియోలో నీ పేరు సెప్పేవు," అన్నాడు.

"మరెవరి పేరు సెప్పాలి?"

"నాది. బోటు నాది కదా."

వల్లీ ఆయన వైపు చూసింది. ఇన్నేళ్లూ ఈ మనిషికి ఏమీ కాకూడదని నోరు కట్టుకుంది. ఆయన ఆ నోటిని ఒక్క మాటైనా అడక్కుండా అన్నీ తేల్చేశాడు.  

"వాసీ," అంది. "వాసీ, ఈ బోటు ఎవరికీ ఇవ్వకు."

అనేసి, ఊపిరి బిగబట్టి ఆయన ఛాతీ వంకే చూసింది. అది లేస్తోంది, దిగుతోంది. వాసీ కళ్లార్పకుండా ఆమెనే చూస్తున్నాడు.

"ఇంకోపాలి అను," అన్నాడు.

ఈసారి గట్టు మీదున్న డెరిక్‌కి కూడా వినబడేలా అంది.